చదువుకునే బిడ్డ ఎవరి లెక్కలోకి: అమెరికా పన్ను రిటర్నుల్లో వ్యక్తిగత మినహాయింపు, విద్యా క్రెడిట్లు

అమెరికా ఆదాయపు పన్నులో వ్యక్తిగత మినహాయింపు అంటే మనిషికి ఇంత అని తలసరి లెక్కన ఆదాయంలోంచి తీసేసి, మిగిలిన దాని మీదే పన్ను వేసే ఏర్పాటు. విద్యా క్రెడిట్ అలా కాదు. అది ఆదాయంలోంచి కాకుండా, కట్టాల్సిన పన్నులోంచే నేరుగా తగ్గుతుంది. వెయ్యి డాలర్ల మినహాయింపు 10 శాతం శ్లాబులో ఉన్నవారికి వంద డాలర్లు మిగిలిస్తే, వెయ్యి డాలర్ల క్రెడిట్ మొత్తం వెయ్యీ మిగులుస్తుంది. పుట్టుకలోనూ పనితీరులోనూ వేర్వేరైన ఈ రెండూ కాలేజీ విద్యార్థి దగ్గరికి వచ్చేసరికి ఒకే ముడిలో చిక్కుకుంటాయి. వేసవిలో సంపాదించుకుని సొంతంగా రిటర్ను వేసే విద్యార్థి, చట్టం దృష్టిలో ఇంకా తల్లిదండ్రుల మీద ఆధారపడినవాడేనా, అంటే డిపెండెంటేనా అన్నదే ఆ ముడి. 2018 నుంచి వ్యక్తిగత మినహాయింపు విలువ సున్నా. 2025 జులై 4న సంతకమైన చట్టం ఆ సున్నాను శాశ్వతం చేసింది. డబ్బే పోయాక ఆ ప్రశ్నకు ఇంకేం పని అనిపించడం సహజం. కానీ జరిగింది వేరు. మినహాయింపు పోయినా, దాని కోసం పుట్టిన ప్రశ్న పోలేదు. ఇవాళ విద్యా క్రెడిట్ ఎవరి చేతికి వెళ్లాలో, ఎంత వెళ్లాలో, అసలు వెళ్లాలో వద్దో తేల్చేది ఆ ప్రశ్నే. కాబట్టి విద్యార్థి రిటర్నును విడిగా చదివితే అర్థం కాదు. అది తల్లిదండ్రుల రిటర్నులో రెండో సగం.

ఈ ముడి ఎప్పుడు పడిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1913 చట్టం ఒంటరి వ్యక్తికి 3,000 డాలర్లు, దంపతులకు 4,000 డాలర్లు మినహాయించింది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం గనుక జనాభాలో అత్యధికులు పన్ను గడప తొక్కనే లేదు. పిల్లల పేరిట మినహాయింపు 1917లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పన్ను సామాన్యుడి దాకా దిగివచ్చాక, ఏడాదికి ఒక పరిమితి దాటి సంపాదించే బిడ్డ డిపెండెంట్ కాదన్న నిబంధన ఇళ్లను ఇబ్బంది పెట్టసాగింది. 1954 నాటికి ఆ పరిమితి 600 డాలర్లు. కాలేజీ కుర్రాడు సెలవుల్లో పనిచేసి 600 డాలర్లు దాటితే తండ్రి రిటర్నులో మినహాయింపు ఎగిరిపోయేది. అంటే, కొడుకు కష్టపడినందుకు ఇంటికి జరిమానా. 1954 పన్ను స్మృతి ఈ అడ్డును తొలగించింది. 19 ఏళ్లలోపు బిడ్డకూ, ఏ వయసు విద్యార్థికైనా సంపాదన పరిమితి వర్తించదంది. అయితే బిడ్డ తన రిటర్నులో తన మినహాయింపు తాను తీసుకోవడాన్నీ ఆపలేదు. ఫలితంగా ఒకే మనిషికి రెండు మినహాయింపులు: ఒకటి తండ్రి లెక్కలో, ఒకటి తన లెక్కలో. ముప్పై ఏళ్లకు పైగా అలాగే నడిచింది. 1986 పన్ను సంస్కరణ దీనికి తెరదించింది. ఇతరుల రిటర్నులో డిపెండెంట్‌గా చూపడానికి వీలున్న వ్యక్తి తన మినహాయింపు తాను తీసుకోరాదని రాసింది. తల్లిదండ్రులు నిజంగా చూపారా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. చూపడానికి వీలుంటే చాలు, బిడ్డకు దక్కదు. రెండేళ్ల తర్వాత విద్యార్థికిచ్చిన సంపాదన సడలింపుకు 24 ఏళ్ల వయోపరిమితి కూడా చేరింది.

డిపెండెంట్ ఎవరన్న దానికి ఇప్పుడున్న నిర్వచనం 2004 చట్టం ఇచ్చింది, 2005 నుంచి అమలవుతోంది. బిడ్డ 19 ఏళ్లలోపు ఉండాలి, పూర్తికాలం చదివే విద్యార్థి అయితే ఏడాది చివరికి 24 నిండకూడదు. ఏడాదిలో ఏవైనా అయిదు నెలల్లో కొంత భాగం పూర్తికాలపు చదువు సాగినా విద్యార్థి కిందే లెక్క. సగం ఏడాదికి మించి తల్లిదండ్రులతో ఉండాలి, చదువు కోసం హాస్టల్లో గడిపిన కాలం ఇంట్లో ఉన్నట్టే. అన్నిటికంటే అపార్థానికి గురయ్యేది పోషణ షరతు. చాలామంది దాన్ని తల్లిదండ్రులు సగానికి మించి ఖర్చు పెట్టాలని చదువుకుంటారు. చట్టం అడిగేది అది కాదు. బిడ్డ తన పోషణలో సగానికి మించి తానే భరించకూడదని మాత్రమే అడుగుతుంది. ఉపకార వేతనం ఈ లెక్కలోకి రాదు. విద్యార్థి తన పేరిట తీసుకున్న రుణంతో ఫీజు కడితే అది అతని సొంత పోషణ, తల్లిదండ్రుల పేరిట తీసుకున్నదైతే వారిది. సంపాదించిన డబ్బు బ్యాంకులో పడి ఉంటే పోషణే కాదు. కాబట్టి ఇంటర్న్‌షిప్‌లో 30 వేల డాలర్లు సంపాదించి దాచుకున్న అమ్మాయి డిపెండెంట్‌గానే మిగలవచ్చు, పెద్దగా ఆదాయం లేకపోయినా భారీ రుణం తన నెత్తిన వేసుకుని చదివే అబ్బాయి ఆ హద్దు దాటిపోవచ్చు. ఎవరు ఎంత సంపాదించారన్న లోకజ్ఞానంతో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఎవరి డబ్బు ఎక్కడ ఖర్చయిందో చూడాలి.

విద్యా క్రెడిట్లు ఈ కథలోకి ఆలస్యంగా వచ్చాయి. జార్జియా రాష్ట్రంలో 1993లో మొదలైన హోప్ స్కాలర్‌షిప్ పేరు తీసుకుని, 1996 జూన్‌లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో అధ్యక్షుడు క్లింటన్ కాలేజీ చదువుకు పన్ను క్రెడిట్‌ను ప్రతిపాదించారు. మరుసటి ఏడాది చట్టం రెండు క్రెడిట్లను తెచ్చింది. మొదటి రెండేళ్ల కాలేజీకి గరిష్ఠంగా 1,500 డాలర్ల హోప్ క్రెడిట్ ఒకటి, ఏ దశ చదువుకైనా వర్తించే లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ మరొకటి. 2009 ఆర్థిక మాంద్యం నాటి ఉద్దీపన చట్టం హోప్‌ను విస్తరించి అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్‌గా మార్చింది. మొదటి 2,000 డాలర్ల ఖర్చుకు నూటికి నూరు, తర్వాతి 2,000కు పాతిక శాతం, కలిపి విద్యార్థికి ఏడాదికి 2,500 డాలర్లు, నాలుగేళ్ల పాటు. అసలు మలుపు వాపసులో ఉంది. ఈ క్రెడిట్‌లో 40 శాతం, అంటే వెయ్యి డాలర్ల దాకా, పన్నేమీ లేకపోయినా చేతికి వస్తుంది. 2015 డిసెంబరులో దీన్ని శాశ్వతం చేశారు. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ 10 వేల డాలర్ల ఖర్చు మీద 20 శాతం, రిటర్నుకు 2,000 డాలర్లకు మించదు, వాపసు ఉండదు. కానీ డిగ్రీ కోసమే చదవాలన్న షరతు, ఇన్నేళ్లే అన్న గిరి దానికి లేవు. ఒంటరివారికి 80 వేల డాలర్ల దగ్గర, దంపతులకు లక్షా 60 వేల దగ్గర రెండు క్రెడిట్లూ తరగడం మొదలై, 90 వేలు, లక్షా 80 వేల దగ్గర పూర్తిగా మాయమవుతాయి. బసకూ భోజనానికీ పెట్టిన ఖర్చు దేనికీ లెక్కలోకి రాదు. ఫీజు వివరాలతో కాలేజీ పంపే 1098-టి పత్రం విద్యార్థి పేరిటే వస్తుంది. సగం గందరగోళం అక్కడే పుడుతుంది. పత్రం మీద పేరున్నంత మాత్రాన క్రెడిట్ ఆ పేరుగలవారిది కాదు.

అది ఎవరిదో చెప్పే నియమం డిపెండెంట్ ప్రశ్న మీదే ఆనుకుంది, అయితే ఒక తేడాతో. తల్లిదండ్రులు బిడ్డను తమ రిటర్నులో చూపితే క్రెడిట్ వారిదే. ఫీజు బిడ్డే కట్టినా, తాత నేరుగా కాలేజీకి చెక్కు పంపినా, ఆ ఖర్చు బిడ్డను చూపినవారే పెట్టినట్టు చట్టం భావిస్తుంది. చూపే హక్కు ఉండి కూడా వారు చూపకపోతే క్రెడిట్ విద్యార్థికి మారుతుంది. అప్పుడు తల్లిదండ్రులు కట్టిన ఫీజు సైతం విద్యార్థి ఖర్చే. మినహాయింపు విషయంలో 'చూపడానికి వీలుందా' అని అడిగిన చట్టం, క్రెడిట్ దగ్గరికి వచ్చేసరికి 'నిజంగా చూపారా' అని అడుగుతోందన్నమాట. మొదటి ప్రశ్నకు జవాబు ఇంటి చేతిలో లేదు, రెండోదానికి ఉంది. తల్లిదండ్రులు పక్కకు తప్పుకుంటే విద్యార్థికి పోయిన మినహాయింపు తిరిగి రాదు, కానీ క్రెడిట్ వస్తుంది. అలా తప్పుకున్నా విద్యార్థి తన రిటర్నులో 'నన్ను వేరొకరు డిపెండెంట్‌గా చూపవచ్చు' అన్న గడిలో టిక్కు పెట్టాల్సిందే. ఎందుకంటే అక్కడ అడిగింది వీలు గురించి, జరిగిన దాని గురించి కాదు. ఈ ఒక్క గడిని తప్పుగా నింపడం వల్ల ఇద్దరి రిటర్నులూ పన్ను శాఖ (ఐఆర్ఎస్) కంప్యూటర్ దగ్గర ఢీకొని ఒకటి వెనక్కి రావడం మార్చి, ఏప్రిల్ నెలల్లో మామూలే.

మినహాయింపు సున్నా కావడం ఈ ఎంపిక మీద ఎంత ప్రభావం చూపిందో ఒక లెక్క చెబుతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న దంపతులను అనుకుందాం. వారి ఆదాయం లక్షా 80 వేల డాలర్లు దాటింది, కాబట్టి విద్యా క్రెడిట్ వారికి ఎలాగూ రాదు. కూతురు మూడో ఏడు చదువుతోంది, చదువు, బస, తిండి కలిపి ఏడాదికి 70 వేల డాలర్లు. 2017లో ఆమె వేసవి ఉద్యోగంలో 14 వేల డాలర్లు సంపాదించి ఉంటే, నాటి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి స్థిరంగా తీసేసే మొత్తం) 6,350 పోను 7,650 డాలర్ల మీద పన్ను 765 డాలర్లు. తల్లిదండ్రులు తప్పుకుంటే క్రెడిట్ ఆ 765నీ తుడిచేస్తుంది. కానీ వారు వదులుకునే 4,050 డాలర్ల మినహాయింపు 28 శాతం శ్లాబులో 1,134 డాలర్లతో సమానం. తప్పుకోవడం శుద్ధ నష్టం. ఇప్పుడు 2025కు రండి. మినహాయింపు స్థానంలో 17 ఏళ్లు నిండిన డిపెండెంట్‌కు 500 డాలర్ల క్రెడిట్ మాత్రమే మిగిలింది. కూతురు ఇంటర్న్‌షిప్‌లో 30 వేలు సంపాదిస్తే, స్టాండర్డ్ డిడక్షన్ 15,750 పోను 14,250 మీద పన్ను సుమారు 1,470 డాలర్లు. తల్లిదండ్రులు 500 వదులుకుంటే ఆ 1,470 మొత్తం రద్దవుతుంది. ఇంటికి దాదాపు 970 డాలర్ల లాభం. చట్టం మినహాయింపును ముగించడమే నిజానికి ఈ ఎంపికను సజీవం చేసింది. అంతకుముందు ఈ దారి కాగితం మీద ఉన్నా, చాలా ఇళ్లకు నడవదగినది కాదు. తప్పుకోవడానికి అయ్యే ఖర్చు తగ్గేసరికి మధ్యతరగతి పైమెట్టులో ఉన్న కుటుంబాలకు అది ఏటా వేసి చూడాల్సిన లెక్క అయింది.

దీనికి మొదటి అభ్యంతరం: ఇదంతా వందల డాలర్ల లెక్కే కదా, డిపెండెంట్ అన్న హోదా విలువ నిజంగా తగ్గిపోయినట్టే కదా అని. 2020 దీనికి గట్టి జవాబు ఇచ్చింది. కోవిడ్ మొదటి వసంతంలో పెద్దవారికి 1,200 డాలర్లు, 17 ఏళ్లలోపు పిల్లల పేరిట 500 డాలర్లు పంచినప్పుడు, ఇతరుల రిటర్నులో చూపడానికి వీలున్నవారెవరూ అర్హులు కారని చట్టం అంది. పందొమ్మిదేళ్ల కాలేజీ విద్యార్థి పెద్దవాడిగా 1,200కు నోచుకోలేదు, చిన్నవాడిగా 500కు నోచుకోలేదు. అప్పటికి మినహాయింపు విలువ సున్నా అయి రెండేళ్లు దాటింది. అదే ఏడాది డిసెంబరులో ఇచ్చిన 600 డాలర్లూ వారిని ఇలాగే దాటిపోయాయి. 2021 మార్చిలో ఇచ్చిన 1,400 డాలర్లకు గానీ వయసు మీరిన డిపెండెంట్లు లెక్కలోకి రాలేదు. 2017 చట్టం రాసినవారు మినహాయింపు మొత్తాన్ని సున్నా చేస్తూనే, మిగతా నిబంధనల్లో డిపెండెంట్ ఎవరో తేల్చేటప్పుడు ఆ సున్నాను పట్టించుకోవద్దని జాగ్రత్తగా ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యం లేకపోతే క్రెడిట్ల వ్యవస్థ అంతా కూలిపోయేదని వారికి తెలుసు. డిపెండెంట్ విద్యార్థికి స్టాండర్డ్ డిడక్షన్ కూడా వేరు లెక్క ప్రకారమే వస్తుంది. 2025కు అది సంపాదనకు 450 కలిపితే వచ్చేదా, 1,350 డాలర్లా, వీటిలో ఏది ఎక్కువైతే అది. వడ్డీలూ షేర్ల లాభాలూ 2,700 డాలర్లు దాటితే, ఆ పైమొత్తం మీద తల్లిదండ్రుల రేటుకే పన్ను పడుతుంది.

రెండో అభ్యంతరం న్యాయానికి సంబంధించినది, దాన్ని అంత తేలిగ్గా కొట్టేయలేం. ఫీజు కట్టేది ఎవరైతే క్రెడిట్ వారికే రావాలి కదా అంటారు. అప్పు తెచ్చుకుని తన ఫీజు తాను కట్టుకున్న విద్యార్థి చూస్తుండగా, తండ్రి రిటర్నులోకి 2,500 డాలర్లు వెళ్లడం ఏం ధర్మం? జవాబులో సగం ఇది. ఇంట్లో డబ్బు ఏ జేబులోంచి ఏ జేబులోకి వెళ్లిందో ప్రభుత్వం ఆరా తీయలేదు. కట్టినవారికే అంటే, ప్రతి ఇల్లూ తనకు లాభమైన జేబులోంచే కట్టినట్టు రాసుకుంటుంది. ఉమ్మడి కుటుంబంలో పద్దు పెద్దాయన పేరిట ఉన్నట్టు, క్రెడిట్ కూడా బిడ్డను చూపినవారి పేరిట ఉంటే కనీసం ఒక్కచోట తేలుతుంది. అయితే మిగతా సగంలో అభ్యంతరమే గెలుస్తుంది. తల్లిదండ్రులు తప్పుకున్నా వాపసు భాగం 24 ఏళ్లలోపు విద్యార్థుల్లో ఎక్కువమందికి రాదు. పూర్తికాలం చదువుతూ, తన కష్టార్జితం పోషణలో సగానికి తక్కువై, తల్లిదండ్రుల్లో ఒకరైనా జీవించి ఉంటే, ఆ వెయ్యి డాలర్ల వాపసు నిషిద్ధం. క్రెడిట్ కట్టాల్సిన పన్నును కొట్టేయడానికే పనికొస్తుంది. సంపన్నుల పిల్లలు పన్ను లేని చిన్న రిటర్ను వేసి వెయ్యి డాలర్లు పట్టుకుపోకుండా పెట్టిన అడ్డు ఇది, ఉద్దేశం సబబే. కానీ అది ఎవరి మీద పడుతుందో చూడండి. ఇంటితో తెగతెంపులై తండ్రి రిటర్నులో లేని, రుణాల మీద చదివే ఇరవై ఏళ్ల పేద విద్యార్థి మీద కూడా అంతే బరువుగా పడుతుంది. అతని తల్లిదండ్రులు బతికే ఉన్నారు, అతని సంపాదన చిన్నది. వాపసు అతనికి రాదు, అతన్ని చూపనందుకు తల్లిదండ్రులకూ రాదు. ఎవరికీ చెందకుండా పోయే సొమ్ము అది. చట్టం ఇంటిని ఒకటిగా భావించడం వల్ల వచ్చే తప్పు ఇదొక్కటే అనను. కానీ ఇదే అన్నిటికంటే పెద్దది, దిద్దడానికి అతి సులువైనదీ ఇదే. తన మీద తాను ఆధారపడ్డానని నిరూపించగల విద్యార్థికి వయసుతో పనిలేకుండా వాపసు ఇస్తే సరిపోతుంది.

ఇల్లంతా ఒకే లెక్క అన్న మాటకు మరింత బలమైన సాక్ష్యం ఉపకార వేతనాల దగ్గర దొరుకుతుంది. ఫీజుకు వాడిన స్కాలర్‌షిప్ మీద పన్ను ఉండదు, కానీ ఆ మేరకు ఫీజు క్రెడిట్‌కు పనికిరాదు. ఒక్క డాలరుకు రెండు లాభాలు లేవు. పేద విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పెల్ గ్రాంట్ 2024-25లో గరిష్ఠంగా 7,395 డాలర్లు. కమ్యూనిటీ కాలేజీలో ఫీజు 4,000 డాలర్లే అయితే గ్రాంట్ దాన్ని పూర్తిగా మింగేస్తుంది, క్రెడిట్‌కు ఏమీ మిగలదు. అయితే పెల్ గ్రాంట్‌ను బస, తిండి ఖర్చులకూ వాడవచ్చు. ఫీజుకు పోయిందనుకున్న ఆ 4,000 కూడా విద్యార్థి అలా వాడినట్టు భావించి తన రిటర్నులో ఆదాయంగా చూపుకోవచ్చని నిబంధనలు అనుమతిస్తాయి. అలా చూపితే ఫీజు 4,000 మళ్లీ క్రెడిట్‌కు అర్హం అవుతుంది. వేరే పెద్ద ఆదాయం లేకపోతే విద్యార్థికి పన్ను పడదు, ఎందుకంటే డిపెండెంట్ స్టాండర్డ్ డిడక్షన్ లెక్కకు ఇలాంటి స్కాలర్‌షిప్ కష్టార్జితం కిందే వస్తుంది. తల్లిదండ్రుల రిటర్నులోకి మాత్రం 2,500 డాలర్ల క్రెడిట్ వస్తుంది, వారికి పన్నే లేకపోయినా వెయ్యి డాలర్లు వాపసు వస్తాయి. బిడ్డ కాగితం మీద ఆదాయం పెంచి తల్లి కాగితం మీద డబ్బు తెచ్చే ఎత్తు ఇది, అక్షరాలా చట్టబద్ధం. రెండు రిటర్నులూ ఒకే బల్ల మీద పెట్టుకోని ఇంటికి ఇది తట్టే అవకాశమే లేదు. పైగా దీని అవసరం ఉన్న ఇళ్లకే సలహాదారు దొరకడు.

ఆ సంగతి అంకెల్లో కనిపిస్తుంది. అమెరికా కాంగ్రెస్‌కు చెందిన ఆడిట్ సంస్థ 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2009లో విద్యా లాభాలకు అర్హమైన దాదాపు 1.1 కోట్ల రిటర్నుల్లో 15 లక్షల చోట్ల ఏ క్రెడిటూ డిడక్షనూ తీసుకోలేదు. మరోవైపు, 2012 పన్ను ఏడాదిలో 36 లక్షల మందికి పైగా 560 కోట్ల డాలర్లకు మించిన విద్యా క్రెడిట్లు అనర్హంగా అంది ఉండవచ్చని ఖజానా శాఖ తనిఖీ విభాగం 2015లో తేల్చింది. 1098-టి పత్రం లేకుండానే పెట్టుకున్న క్లెయిములు అందులో పెద్ద వాటా. పత్రం లేనంత మాత్రాన చదువు అబద్ధం కాదు గనుక ఆ అంకెను మోసాల మొత్తంగా చదవకూడదు. అయినా తర్వాతి చట్టాలు బిగింపు వైపే నడిచాయి. పత్రం తప్పనిసరి అయింది, కాలేజీ గుర్తింపు సంఖ్య అడిగారు, రిటర్ను తయారుచేసే ఏజెంటుకు జాగ్రత్తల ఫారం పెట్టారు, నిర్లక్ష్యంగా క్లెయిమ్ చేస్తే రెండేళ్లు, మోసం చేస్తే పదేళ్లు ఈ క్రెడిట్‌కు దూరం పెట్టారు. ఇంత జంజాటం ఎందుకు, తీసేసి ఆ డబ్బు పెల్ గ్రాంట్లకే ఇవ్వవచ్చు కదా అనేవారి చేతిలో గట్టి ఆధారం ఉంది. ఆర్థికవేత్తలు జార్జ్ బుల్మన్, కెరొలైన్ హాక్స్‌బీ పన్ను రికార్డులనే పరిశీలించి, ఈ క్రెడిట్ల వల్ల కాలేజీలో చేరేవారి సంఖ్య పెరిగినట్టు కనిపించలేదని 2015లో చెప్పారు. ఫీజు సెప్టెంబరులో కట్టాలి, క్రెడిట్ మరుసటి వసంతంలో తల్లిదండ్రుల ఖాతాలో పడుతుంది. చేరాలా వద్దా అని తేల్చుకునే వేళకు అది ఎవరి చేతిలోనూ లేదు. చదువుకు ప్రోత్సాహంగా క్రెడిట్ విఫలమైందన్న వాదన నాకు సరైనదనే అనిపిస్తుంది. కానీ పన్ను భారం పంచే సాధనంగా అది ఉన్నంతకాలం, చేరికల సంఖ్యతో పనిలేకుండా, ఎవరిది అన్న నియమం న్యాయంగా ఉండాల్సిన అవసరం ఉంటుంది.

తెలుగువారికి ఈ విషయంతో ఉన్న సంబంధం రెండు పాయలుగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఎం.ఎస్. చదవడానికి వెళ్లేవారు మొదటి పాయ. 2023-24లో అమెరికాలోని భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అన్ని దేశాల్లోకీ ఎక్కువ. ఎఫ్-1 వీసా మీద వచ్చినవారు సాధారణంగా మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలూ పన్ను లెక్కకు నాన్‌రెసిడెంట్లు. ఏడాదిలో కొంతకాలమైనా నాన్‌రెసిడెంట్‌గా ఉన్నవారికి, రెసిడెంట్‌ను పెళ్లాడి ఉమ్మడి రిటర్ను ఎంచుకుంటే తప్ప, విద్యా క్రెడిట్ లేదు. కాలేజీ 1098-టి పంపినా లేదు. ఇంటర్నెట్‌లో దొరికే మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఆ పత్రం ఎక్కించి 1040 ఫారం మీద క్రెడిట్ తీసుకోవడం ఇందుకే తప్పు, వారి ఫారం 1040-ఎన్ఆర్. డిగ్రీ మన దగ్గర పూర్తిచేసి వెళ్లినవారికి నాలుగేళ్ల అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ రెసిడెంట్ అయ్యాక కూడా రాదు, లైఫ్‌టైమ్ లెర్నింగ్ ఒక్కటే దిక్కు. ఆరో ఏట రెసిడెంట్ అయ్యే పీహెచ్‌డీ విద్యార్థికి ఆ తలుపు తెరుచుకుంటుంది గానీ, అప్పటికి ఫీజు విశ్వవిద్యాలయమే మాఫీ చేసి ఉంటుంది కాబట్టి లోపల ఏమీ ఉండదు. క్రెడిట్ దక్కకపోయినా మరోటి దక్కుతుంది. 1989లో కుదిరిన భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం వల్ల, నాన్‌రెసిడెంట్లకు మామూలుగా లేని స్టాండర్డ్ డిడక్షన్ భారతీయ విద్యార్థులకు ఉంది. క్యాంపస్ ఉద్యోగంలో ఏడాదికి 12 వేల డాలర్లు సంపాదించే విద్యార్థికి ఆ ఒక్క అధికరణం కేంద్ర పన్నును సున్నా చేస్తుంది. పక్క గదిలో ఉన్న ఇతర దేశాల విద్యార్థుల్లో చాలామందికి ఆ సౌకర్యం లేదు.

రెండో పాయ అక్కడ స్థిరపడిన కుటుంబాలు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మానాన్నలకు ఎంత పంపినా వారిని డిపెండెంట్లుగా చూపడం కుదరదు. అమెరికా పౌరులో రెసిడెంట్లో కాకపోతే, కెనడా, మెక్సికో నివాసులకు మాత్రమే ఆ వీలుంది. పిల్లల సంగతి వేరు. అక్కడే పుట్టి కాలేజీకి వచ్చిన పిల్లల ఇళ్లకు ఇంతవరకు చెప్పుకున్న లెక్కలన్నీ యథాతథంగా వర్తిస్తాయి. చిక్కు వచ్చేది, చిన్నప్పుడు హైదరాబాద్ నుంచి తల్లిదండ్రుల హెచ్-1బి ఉద్యోగ వీసా వెంట, కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 మీద వెళ్లి, గ్రీన్ కార్డు వరుసలోనే పెరిగి పెద్దయిన పిల్లలకు. హెచ్-4 బిడ్డకు సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు, పన్ను అవసరానికి ఐటిన్ అనే వేరే నంబరు ఇస్తారు. అక్కడ గడిపిన రోజుల లెక్కతో రెసిడెంటే, తల్లిదండ్రుల డిపెండెంటే, 500 డాలర్ల క్రెడిట్‌కు అర్హమే. 2025 పన్ను ఏడాది వరకు, గడువులోగా ఐటిన్ వచ్చి ఉంటే, విద్యా క్రెడిట్‌కూ అర్హమే. మినహాయింపును శాశ్వతంగా సున్నా చేసిన అదే 2025 చట్టం, 2026 నుంచి రెండు విద్యా క్రెడిట్లకూ పన్ను చెల్లింపుదారుకూ విద్యార్థికీ ఇద్దరికీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండి తీరాలంది. డిపెండెంట్ హోదాకూ క్రెడిట్‌కూ 1997 నుంచి ఉన్న లంకె ఈ ఇళ్లలో మొదటిసారి తెగుతోంది. బిడ్డ తల్లిదండ్రుల లెక్కలోనే ఉంటుంది, ఫీజు వారే కడతారు, పన్నూ వారే కడతారు, క్రెడిట్ మాత్రం రాదు. ఈ కోత వల్ల ఖజానాకు మిగిలేది స్వల్పమే కావచ్చు. కానీ అర్హతను తేల్చే ప్రశ్న ఇంటి ఖర్చుల మీద నుంచి వలస కాగితాల మీదకు జరిగింది. ముందుముందు చట్టసభ ఇదే పద్ధతిని 500 డాలర్ల క్రెడిట్‌కూ చాపితే, డిపెండెంట్ అన్న హోదా నిజంగా మినహాయింపు పోయిన దారినే పోతుంది.